పెన్నకు ఇసుక రంగు

జపాన్‌లో ఒక చిన్న ఊరి బడి. మూడో తరగతి గది. నల్లబల్ల మీద మీ ఊరి పటం గీసి చూపించండి అన్నారు నన్ను. వాళ్ళ ప్రాథమిక బళ్ళలో సోషల్ ఎలా చెబుతారో, మన దగ్గర ఎలా చెబుతున్నామో పోల్చి చూసి రమ్మని రెండు వారాలకు పంపిన ప్రభుత్వ టీచర్లలో నేనొకదాన్ని. దరఖాస్తు పెట్టమంటే పెట్టాను కానీ వస్తుందనుకోలేదు. బెంగుళూరుకు పోయిరావడమే పెద్ద ప్రయాణం అనుకునే మనిషిని, ఏకంగా సముద్రం దాటాను.

సుద్దముక్క తీసుకుని ముందు మా బడి గీశాను. ఆంజనేయస్వామి గుడి, చర్చి, బస్సు ఆగే చోటు, వేరుశనగ చేలు గీశాను. తర్వాత గోధుమ రంగు సుద్దను అడ్డంగా పట్టుకుని ఊరి పక్కన వెడల్పుగా ఒక పట్టీ లాగాను. ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యి దానంతట అదే ఆ రంగు వెతుక్కుంది.

రెండు జడల పిల్ల ఒకతి లేచి ఏదో అడిగింది. మాకు దుబాసీగా వచ్చిన ఆవిడ హిందీలో చెప్పింది: "ఆ పెద్ద రోడ్డు ఎక్కడికి పోతుందని అడుగుతోంది."

"రోడ్డు కాదు, నది" అన్నాను.

ఆ పిల్ల మళ్ళీ బల్ల వైపు చూసింది. "మరి నీళ్ళు?"

"నీళ్ళు ఉండవు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ బడి వెనకే ఒక ఏరు ఉంది. పొద్దున వచ్చేటప్పుడు చూశాను, గలగలమని పారుతోంది, అందులో చేపలు కూడా ఉన్నాయి. ముందు వరసలో కుర్రవాడు అడిగాడు: "నీళ్ళు లేకపోతే అది నది అని ఎలా తెలుస్తుంది?"

దుబాసీ ఆవిడ ఇబ్బందిగా నవ్వింది, పిల్లవాడు పెడసరంగా అడిగాడని నేను అనుకుంటానేమో అని. నేను అనుకోలేదు. ఆ ప్రశ్న ఐదో తరగతిలో నేనే అడిగాను. మాకు సోషల్ చెప్పిన అయ్యవారు దానికి నోటితో జవాబు చెప్పలేదు. ఆ శనివారం మమ్మల్ని పెన్నలోకి తీసుకుపోయి, ఇసుకలో కూర్చోబెట్టి, చేతులతో తవ్వమన్నారు. మోచేతి లోతు తవ్వేసరికి ఇసుక తడి అయింది. ఇంకొంచెం తవ్వితే గుంట అడుగున నీళ్ళు ఊరాయి. మా వైపు దాన్ని చెలమ అంటారు. "చూడు పాపా, ఏరు యాడికీ పోలేదు. పడుకోనుండాది, అంతే" అన్నారు.

అదే చెప్పాను ఆ పిల్లలకు. ఎంత లోతని అడిగితే మోచెయ్యి పట్టుకుని చూపించాను. గదిలో ముప్పైమంది తమ తమ మోచేతులు కొలుచుకోవడం మొదలుపెట్టారు. నేను వెనక్కి తిరిగి, బల్ల మీద లేని తప్పేదో సరిదిద్దుతున్నట్టు నిలబడ్డాను. కళ్ళు తుడుచుకోవడానికి.

అయ్యవారి పేరు ఇక్కడ రాయను. ఆయనకు ఇష్టం ఉండదు. బడి గోడ మీద ఉపాధ్యాయుల పేర్లు రాయిస్తుంటే "పేర్లేంటికప్పా, మనుషులు ఈడనే ఉండారు కదా" అని తన పేరు వద్దన్న మనిషి. మాకు ఆయన పటాల అయ్యవారు.

బడికి వచ్చిన పటాలన్నీ గోడలకు వేలాడితే ఆయన పటం నేల మీద ఉండేది. పాత పంచె ఒకటి చాపలా పరిచి, దాని మీద తనే రంగులతో వేసుకున్న జిల్లా పటం. గోడకు తగిలించిన పటం చూపించి ఉత్తరం ఏదంటే పిల్లలు ఇంటికప్పు వైపు చూపిస్తారని ఆయన బాధ. "గోడకు తగిలిస్తే గుత్తి ఆకాశంలో ఉంటాది, కదిరి పాతాళంలో ఉంటాది. మీరు యా బస్సెక్కి పోతారు గుత్తికి?" అనేవారు. పటాన్ని నేల మీద వేసి, ఎండ చూసుకుని, ఉత్తరం నిజంగా ఉత్తరానికే ఉండేలా తిప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేవారు. ఉత్తరానికి గుత్తి కొండ రాయి. తూర్పుకు పెన్నలో ఏరిన గులకరాయి. దక్షిణానికి ఆయన పుట్టిన తనకల్లు చేలో రాయి. పడమటికి వజ్రకరూరు రాయి. తొలకరి పడితే అక్కడి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుక్కుంటారు కదా, ఆ రాయి పెట్టేటప్పుడు రోజూ ఒకటే మాట: "ఇది వజ్రమని తెలిసిన పొద్దు మీకు సెలవు. నేను రాను." ఒక్కరోజూ సెలవు దొరకలేదు మాకు.

చెప్పులు బయట విడిచి ఆ పటంలో తిరగమనేవారు. కదిరిలో నిలబడు, ధర్మవరం మీదుగా అనంతపురం రా, దోవలో ఏమేమి తగుల్తాయో చెప్పు. ఊళ్ళో ఒక పెద్దాయన వచ్చి, పిల్లల చేత జిల్లాను తొక్కిస్తావా, అపచారం కాదా అని గట్టిగానే అడిగాడు. అయ్యవారు ఆయన కాళ్ళ వైపు చూసి, "నువ్విప్పుడు యాడ నిలబడినావన్నా?" అన్నారు. పెద్దాయన కిందకు చూసుకున్నాడు. కాసేపటికి నవ్వేసి, బెంచీ మీద కూర్చుని ఆ పూట పాఠం విని పోయాడు.

ఆయన దగ్గర జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వేసేవారు: "చూసినావా, విన్నావా, చదివినావా?" చదివాను అంటే తప్పేం లేదు, కానీ చదివానని చెప్పాలి. చూడకుండా చూశానంటే మాత్రం ఆయన మొహం మాడిపోయేది. కొట్టేవారు కాదు. "సరే" అని ఊరుకునేవారు. ఆ సరే కంటే బెత్తం నయం అనిపించేది.

రంగులకూ అదే లెక్క. చూసినదానికి చూసిన రంగు, చదివినదానికి పుస్తకం రంగు. గోదావరి ఎవరం చూడలేదు కాబట్టి నీలం. కృష్ణ నీలం. పెన్న మాత్రం ఇంటి పక్కన ఉంది, దాని రంగు మాకు తెలుసు. గోధుమ రంగు పెన్సిలుకు మా తరగతిలో ఇసుక పెన్సిలు అనే పేరు.

ఒకసారి మా ఊరి పటం గీయమన్నారు. ఊరంతా తిరిగి గీసుకొచ్చాం. రంగన్న కుక్క ఎక్కడ మొరుగుతుందో కూడా గుర్తు పెట్టాం. ఆయన చాలాసేపు చూసి, "బాగుండాది. సగం ఊరు గీసినారు. మిగతా సగం ఎవురు గీస్తారప్పా?" అన్నారు. మాకు అర్థం కాలేదు. చర్చి వెనక వీధి మేం ఎవరం గీయలేదు. ఆ వీధి పిల్లలు మా తరగతిలోనే ఉన్నారు, వాళ్ళూ గీయలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మర్నాడు ఆ పిల్లలను ముందు నడవమని, మమ్మల్ని వాళ్ళ వెనక నడిపించారు. ఆ వీధిలో ఒకావిడ అందరికీ మజ్జిగ ఇచ్చింది. అయ్యవారు ముందు తాగి, గ్లాసు మా వైపు తిప్పి చూశారు. తాగాం. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

బస్సులో ఆయనతో పోవడం మాకు భలే వేడుక. బస్సు పెన్న వంతెన ఎక్కగానే, సీటు దొరక్క నిలబడ్డవాళ్ళు కూర్చునే చోటు వెతుక్కుంటుంటే, కూర్చున్న ఈయన లేచి నిలబడేవారు. "చూడండప్పా, పెన్న" అని బస్సంతటికీ చెప్పేవారు. కండక్టరు విసుక్కునేవాడు: "రోజూ చూస్తాండాం గదా సార్, ఏముండాది ఆడ, ఇసుక." "ఆ ఇసుకే చూడమంటాండా" అనేవారు. వంతెన దాటాక కూర్చునేవారు.

ఇక ఆ మార్కు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఏడో తరగతి ఉమ్మడి పరీక్షలో రాష్ట్ర పటం ఇచ్చి నదులు గుర్తించమన్నారు. గోదావరి, కృష్ణ నీలం వేశాను. పెన్నకు ఇసుక పెన్సిలు తీశాను. ఫలితాలు వస్తే మండలంలో రెండోదాన్ని. మొదటి వాడికీ నాకూ ఒక్క మార్కు తేడా. పెన్న దగ్గర ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి ఉందని తెలిసింది. మా నాయన బడికి వచ్చాడు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది అది, ఆయనకు సంతోషపడడానికి నా మార్కులు తప్ప ఏమీ లేవు. "నువ్వు చెప్పిన రంగే కదా సామీ అది పూసింది" అన్నాడు అయ్యవారితో. కోపంగా అనలేదు. అయ్యవారు మర్నాడు మా ఇద్దరినీ వెంటబెట్టుకుని మండలం ఆఫీసుకు బయలుదేరారు.

ఆఫీసులో పెద్ద బల్ల, దాని వెనక అధికారి. మా నాయన తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని వాకిలి దగ్గరే ఆగిపోయాడు.

"ఏమప్పా అయ్యవారూ, ఒక్క మార్కు కోసం బస్సెక్కి వచ్చినావా?" అన్నాడు అధికారి.

"మార్కు కోసం కాదు సార్. పాప చూసింది చూసినట్టు రాసింది. చూసింది తప్పంటే రేపట్నుంచి చూసేది మానుకుంటాది."

"నదులు నీలం. పలక పట్టిన పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు."

"మా ఊరి పిల్లోళ్ళను అడగండి సార్."

"అడుగుతా" అని ఆయన నా వైపు తిరిగాడు. "ఏం పాపా, పటంలో నదికి ఏ రంగు?"

అయ్యవారు నా వైపు చూడలేదు. నా మీద అంత నమ్మకం. చూసింది మా నాయన, వాకిలి దగ్గర నుంచి, తువ్వాలు మెలిపెడుతూ. నాకు పన్నెండేళ్ళు. ఆయన మొహంలో ఏం కావాలో నాకు చక్కగా కనిపించింది.

"నీలం సార్" అన్నాను.

అధికారి నవ్వాడు. "చూసినావా, బిడ్డకు తెలుసు. నువ్వే చెడగొడతాండావు" అని నా పేపరు తెప్పించి, ఇంటూ కొట్టేసి మార్కు వేశాడు. మొదటి వాడితో సమానమయ్యాను. ఇద్దరికీ బహుమతి ఇచ్చారు, మూత మీద పేరు చెక్కిన స్టీలు క్యారియరు. అది ఇప్పటికీ వాడుతున్నాను. అన్నం తెచ్చుకోవడానికి మంచి క్యారియరే.

తిరుగు ప్రయాణంలో మా నాయన మిక్చరు పొట్లం కొని ముందు అయ్యవారికి పెట్టాడు. ఆయన రెండు పలుకులు తీసుకుని తిన్నారు. బస్సు వంతెన ఎక్కింది. నేను ఆయన లేస్తారని చూశాను. లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందు సీటు కమ్మీ వైపు చూస్తూ కూర్చున్నారు. వంతెన అయిపోయింది.

నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజూ ఆ తర్వాతా. నేను హైస్కూలుకు గుత్తి పోయాను, తర్వాత ట్రైనింగు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆయన కనిపించినప్పుడల్లా "బాగుండారా సార్" అనేదాన్ని. "బాగుండాం పాపా" అనేవారు. పెన్నకు ఇసుక రంగే సార్, ఆ రోజు అబద్ధం చెప్పాను అనే ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చేది. సంతలోనూ, పెళ్ళిళ్ళలోనూ, బస్టాండులోనూ ఆ మాట చెప్పే సందు దొరకలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. సిగ్గు, అంతే.

ఆయన దగ్గర చదువుకున్న నేను ఎలాంటి టీచర్నయ్యానో కూడా చెప్పాలి కదా. జపాన్ బడిలో మూడో తరగతి పిల్లలు అట్టలు చంకన పెట్టుకుని ఊరు తిరిగి వస్తారు. కొట్టు ఎన్నింటికి తెరుస్తారు, ముసలివాళ్ళు రోడ్డు ఎక్కడ దాటలేకపోతున్నారు, ఏ ఇంటి ముందు కుక్క మొరుగుతుంది, అన్నీ రాసుకొస్తారు. నాలుగో తరగతిలో మన కొళాయి నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయి, మన చెత్త ఎక్కడికి పోతోంది అని ఆ దారి పట్టుకుని పోతారు. దేశం, చరిత్ర, ప్రపంచం ఆ తర్వాత. మాతో వచ్చినవాళ్ళు అబ్బో అబ్బో అని రాసుకున్నారు. నాకు మాత్రం కాస్త ఒళ్ళు మండింది. ఎందుకంటే మన పుస్తకం దానికేమీ తీసిపోదు. ఊరు తిరగండి, పెద్దవాళ్ళను అడగండి, పటం గీయండి అని మన పుస్తకంలోనూ ఉంది. పాఠం చివర, చిన్న డబ్బాలో ఉంటుంది. వాళ్ళకు ఆ డబ్బానే పాఠం. మనం ఆ డబ్బా రాగానే, ఇది ఇంటి దగ్గర చేసుకోండి అని పేజీ తిప్పేస్తాం. ఇరవై ఏళ్ళకు పైగా నేనూ తిప్పాను. సిలబస్ అవ్వాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్లో ఫోటోలు ఎక్కించాలి. సాకులకు కరువు లేదు మా జిల్లాలో.

ఆ మధ్య ఒక ఏడాది వానలు దంచికొట్టి పెన్న పారింది. ఊళ్ళకు ఊళ్ళు వచ్చి గట్టున నిలబడి చూశాయి. ఆ వారంలోనే ఒకరోజు అయ్యవారు మా బడికి వచ్చారు. రిటైరై ఎన్నో ఏళ్ళయింది, గుత్తిలో ఉంటున్నారు. బాగా వంగిపోయారు. చెప్పులు చేతిలో ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"పాపా, నీలం సుద్ద ఉండాదా?" అన్నారు.

ఇచ్చాను. వరండాలోకి పోయి గోడ మీద జిల్లా పటం ముందు నిలబడ్డారు. ఈ మధ్య బళ్ళన్నింటికీ వేయించిన రంగుల బొమ్మ అది. అందులో పెన్న మొదట్నుంచీ నీలమే. ఆయన సుద్ద చేత్తో పట్టుకుని దాన్ని చూస్తూ ఉండిపోయారు. "ముందే పూసేసినారే" అన్నారు. అంత నిరాశ ఆయన గొంతులో ఎప్పుడూ వినలేదు నేను. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఏరు పారేది ఎవురెవురు చూసినార్రా?" అని అడిగారు. అందరూ చేతులెత్తారు. "అట్లయితే నీలమే. మీకు పూసే హక్కు ఉండాది" అన్నారు. వాళ్ళకు ఏమర్థమైందో తెలియదు, సంతోషంగా చప్పట్లు కొట్టారు.

నా వైపు చూసి, "నువ్వు చూసినావా?" అన్నారు.

రోజూ ఆ వంతెన మీదే బస్సులో వస్తాను. ఆ వారమంతా బస్సులో వాళ్ళు కిటికీలకు అతుక్కుపోతుంటే నేను తల వంచుకుని ఫోన్లో హాజరు లెక్కలు ఎక్కిస్తున్నాను.

"చూసినా సార్" అన్నాను.

"సరే" అన్నారు. టీ తాగి పోయారు. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

జపాన్ నుంచి వచ్చిన మూడో రోజున ఆయన ఇంటికి పోయాను. సంచిలో ఆ రెండు జడల పిల్ల ఇచ్చిన కాగితం ఉంది. నేను వచ్చేసే రోజున తను గీసి ఇచ్చింది. మా ఊరు, గోధుమ రంగు పెన్న, అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి కూర్చున్న ఒక మనిషి, చేతి కింద చిన్న నీలం చుక్క. ఆ కాగితం ఆయన ఒళ్ళో పెట్టి, చెప్పాల్సిన మాట చెప్పాలని పోయాను. విమానంలో ఆ మాటను ఎన్నోసార్లు నాలో నేను చెప్పుకున్నాను.

గోడకు ఆయన ఫోటో, దానికి దండ ఉన్నాయి. నేను అక్కడ ఉన్నప్పుడే పోయారట. రెండు రోజులు జ్వరం, మూడో రోజు లేవలేదట. ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పాల్సినంత దగ్గరి మనిషిని కాదు కదా నేను.

ఆయన భార్య వాకిట్లో గుడ్డ మీద మిరపకాయలు ఎండబెడుతోంది. గాలికి గుడ్డ లేవకుండా నాలుగు మూలలా పెట్టిన రాళ్ళు చూసి నేను నిలబడిపోయాను. నేనెవరో చెప్పాను.

"ఓ, నువ్వా. ఆ మార్కు పాపవు" అంది ఆమె.

నేను కింద కూర్చుని అంతా చెప్పేశాను. ఆఫీసు, మా నాయన తువ్వాలు, నీలం. ఆయనకు చెప్పాల్సింది ఆమెకు చెప్పాను. ఆమె మిరపకాయలు తిప్పుతూనే విన్నది.

"తెలుసులే" అంది. "ఆ పొద్దు వచ్చి గడప మీద కూసున్నాడు. తప్పు చేసినానే అన్నాడు. ఉద్యోగానికేమన్నా వచ్చిందేమో అని నాకు కాళ్ళాడలేదు. 'పన్నెండేండ్ల బిడ్డను తీస్కపోయి ఆఫీసులో నిలబెట్టినా. నేను చెప్పాల్సింది దాని నోట చెప్పియ్యాలని చూసినా. నేను ఒక్కణ్ణే పోవల్సింది' అన్నాడు. నీ మీద కోపం లేదమ్మా. ఆయప్ప మీద ఆయప్పకే."

గుడ్డ అంచు సర్ది మళ్ళీ అంది: "ఇంగ ఆ పొద్దు నుంచి పిల్లోళ్ళకందరికీ పెన్న నీలమనే చెప్పినాడు. ఎవురికీ మార్కు పోగూడదని. చెప్పి ఇంటికొచ్చి ఉడుక్కుంటాండె."

అప్పుడు తట్టింది నాకు. నా తర్వాత మూడేళ్ళకు ఆయన దగ్గర చదివిన మా తమ్ముడు పెన్నను నీలంగానే గీసేవాడు. వాడి నోటు పుస్తకాలకు అట్టలు వేసింది నేనే. చూసి కూడా ఎందుకని అడగలేదు. నా ఒక్క మాటతో నాకు మార్కు వచ్చింది, ఆయన సోషల్ పోయింది. అన్నేళ్ళు పిల్లలకు నీలం అని చెబుతూ వచ్చిన మనిషి, ఆ మాట నిజమైన వారంలో ముసలి కాళ్ళతో నీళ్ళలో దిగి చూసి, తడి ప్యాంటుతో నా దగ్గరికి వచ్చాడు. నేను టీ ఇచ్చి పంపించాను.

ఏడ్చాను. ఆమె ఏడవొద్దని చెప్పలేదు. ఏడుపు అయ్యాక మంచినీళ్ళిచ్చి, "ఆ పటం చినిగి పేలికలైపోయింది. రాళ్ళు తీస్కపో. మిరపకాయలకు ఏ రాయైనా ఒకటే" అంది. జపాన్ పిల్ల గీసిన కాగితం ఆయన ఫోటో వెనక దోపి వచ్చాను.

పోయిన శనివారం ఐదో తరగతిని పెన్నలోకి తీసుకుపోయాను. మూడేళ్ళుగా వానల్లేవు, ఏరు మళ్ళీ ఇసుకే. వంతెన మీదుగా నడిచేటప్పుడు అందరినీ ఆపి, చూడండి అన్నాను. ఏం చూడాలి టీచర్ అన్నారు. ఆ ఇసుకే అన్నాను. దిగి తవ్వాం. ఆయన రోజుల్లో మోచేతి లోతులో ఊరిన నీళ్ళు ఇప్పుడు భుజం దాకా తవ్వినా రాలేదు. పిల్లలు వంతులవారీగా బోర్లా పడుకుని తవ్వారు. నడుం లోతు గుంట అయ్యాక, అడుగున ఇసుక నల్లబడి, పిడికెడు నీళ్ళు ఊరాయి. అందరం వేళ్ళు ముంచి చూసుకున్నాం.

బడికొచ్చి నా పాత నూలు చీర వరండాలో పరిచాను. ఎండ చూసుకుని ఉత్తరానికి తిప్పి నాలుగు రాళ్ళు పెట్టాను. వజ్రకరూరు రాయి పెట్టేటప్పుడు ఆయన మాటే చెప్పాను, పిల్లలు మేం నవ్వినట్టే నవ్వారు. జిల్లా గీత గీసి, ఊళ్ళు పెట్టి, పెన్న దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నన్ను అడగలేదు. మునెమ్మ అనే పిల్ల ఇసుక రంగు తీసుకుని పూయడం మొదలుపెట్టింది.

సగం పూసి ఆగింది. తెలివైన పిల్ల, తరగతిలో మొదటిది. గోడ మీద నీలం పెన్నను చూసింది, చీర మీద పెన్నను చూసింది, నన్ను చూసింది.

"మరి పరీక్షలో ఏ రంగు వేయాల టీచర్?"

మిగతా పిల్లలూ నా వైపే చూస్తున్నారు. వచ్చే నెలలోనే పరీక్షలు.

"నువ్వు చూసినావు కదా, ఇదే వెయ్యి" అన్నాను. "మార్కు పోతే ఆఫీసుకు నేను పోతా. నువ్వు రావద్దు."

మునెమ్మ తల ఊపి, మిగతా సగం పూయడానికి వంగింది.